నీళ్ళవ్వ వంతు

ఎప్పుడు జరిగిందని అడగకండి, నాకు తెలియదు. బడికి గంట ఉండి గడియారం లేని కాలంలో జరిగింది. సిరా ఒలికి చొక్కా జేబులు నీలమయ్యే కాలంలో జరిగింది. మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది, నేను మీకు చెబుతున్నాను. మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడే లేవండి, తర్వాత నా ఒళ్ళు మండుతుంది.

ఒక మిట్ట ఉండేది. మిట్ట చుట్టూ మూడు ఊళ్ళు. చింతలదిన్నె, పాలేటిపల్లె, రాళ్ళకుంట. ఒక ఊరికీ ఇంకో ఊరికీ పడదు. ఎందుకు పడదో ఎవరికీ గుర్తులేదు గానీ, పడదని మాత్రం అందరికీ గుర్తుంది. మూడు ఊళ్ళకీ కలిపి ఒకటే హైస్కూలు. ఏ ఊళ్ళో కట్టినా మిగతా రెండూ అలుగుతాయని ఎవరిదీ కాని మిట్ట మీద కట్టారు. బావి మాత్రం మిట్ట కింద ఉండిపోయింది. కట్టేటప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్ళు కొట్లాటలో ఉన్నారు.

బావి పక్కన ఒక పాక. పాకలో ఓబులమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బడికి నీళ్ళు మోయడం ఆమె పని. మిట్ట దిగేది, కడవ నింపేది, మిట్ట ఎక్కేది. ఎక్కి వచ్చేసరికి కుండ ఖాళీ. మళ్ళీ మిట్ట దిగేది, కడవ నింపేది, మిట్ట ఎక్కేది. పిల్లలు ఆమెని పేరు పెట్టి పిలవలేదు. నీళ్ళవ్వ అనేవాళ్ళు.

బడి వరండాలో మూడు కుండలు, మూడు ముంతలు. ఏ ఊరి పిల్లలది ఆ ఊరి కుండ. ఎవరికి వాళ్ళు ముంచుకుని, ఎత్తిపట్టి గటగటా తాగేవాళ్ళు. ఒక ఊరివాడు ఇంకో ఊరి కుండ ముట్టుకుంటే ఆ రోజు పుస్తకాల సంచులు గాల్లో ఎగిరేవి.

హెడ్మాస్టరు సదాశివం గారు మంచివాడు, భయస్థుడు. ప్రతి శనివారం పిల్లలందర్నీ కూర్చోబెట్టి నీతిపాఠం చెప్పేవాడు. నడవడి ఎలా ఉండాలి, తోటివాణ్ణి ఎలా చూసుకోవాలి అని. పిల్లలు గుండ్రటి అక్షరాలతో రాసుకునేవాళ్ళు. గంట కొట్టగానే కుండల దగ్గరికి పరిగెత్తి, ఆ తోటివాడి జుట్టే పట్టుకునేవాళ్ళు.

ఇక సలోమి సంగతి. చింతలదిన్నె ఊరు దూరం పెట్టిన వాడ నుంచి హైస్కూలుకి వచ్చిన మొట్టమొదటి పిల్ల ఈమే. చింతలదిన్నె కుండ ఆమెది కాదు. పాలేటిపల్లె కుండ ఆమెది కాదు. రాళ్ళకుంట కుండ ఆమెది కాదు. అందరూ తాగి వెళ్ళాక, వరండా కింద ఎండలో నిలబడి దోసిలి పట్టాలి. నీళ్ళవ్వ పైనుంచి, ముంత తగలకుండా పోసేది. అప్పటి ఆచారం అది. అవ్వ దేవత అనుకుని వింటున్నారేమో, కాదు, మనలాంటి మనిషే. లోపల ముల్లు గుచ్చుకునేది, అయినా పైనుంచే పోసేది.

ఒక ఏడు ఎండలు ముదిరాయి. అవ్వ మిట్ట దిగింది, కడవ నింపింది, మిట్ట ఎక్కబోయి జారింది. భుజం పట్టుకుపోయింది. పాకలో పడుకుంది. కుండల్లో పొద్దున పోసిన నీళ్ళున్నాయి గానీ, సలోమికి పోసే చెయ్యి లేదు.

డ్రిల్లు అయ్యేసరికి సలోమికి నోరు పిడచగట్టింది. చింతలదిన్నె కుండ దగ్గర మునసబు కొడుకు చెన్నకేశవ ఉన్నాడు.

"అన్నా, రోంత నీళ్ళు పొయ్యవా?"

"మా నాయనకి తెలిస్తే తోలు తీస్తాడు. పొయ్యను."

పాలేటిపల్లె కుండ దగ్గర ఒక ఆడపిల్ల ఉంది.

"అక్కా, రోంత నీళ్ళు పొయ్యవా?"

"నువ్వు మా ఊరిదానివి కాదుగా. పొయ్యను."

రాళ్ళకుంట కుండ దగ్గర ఒక పొడుగాటి పిల్లవాడు ఉన్నాడు.

"అన్నా, రోంత నీళ్ళు పొయ్యవా?"

"అవ్వ వస్తాదిలే, ఆగు. నేను పొయ్యను."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ కొట్టలేదు. పొయ్యలేదు, అంతే. లెక్కల క్లాసులో సలోమి లెక్క చెప్పడానికి లేచింది, లేచినట్టే పడిపోయింది. అప్పుడు మాత్రం ఆమె మొహాన చల్లడానికి మూడు కుండల్లోంచీ నీళ్ళు వచ్చాయి.

బడి వదిలాక సలోమి అవ్వ పాకకి వచ్చింది.

"అవ్వా, రేపట్నుంచి నేను రాను."

"అదేందే తల్లీ? లెక్కల్లో అంత చురుకైనదానివి."

"చదువంటే ఇష్టమేనవ్వా. కానీ దప్పిక్కి తట్టుకోలేను. మా నాయన కూడా మానెయ్యమంటన్నాడు."

అవ్వకి ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆళ్ళని అని ఏం లాభమే! నేను రోజూ పైనుంచే గదా పోశాను నీకు! నన్ను చూసే గదా ఆళ్ళు నేర్చుకుంది!" అంది. కళ్ళు తుడుచుకుంది. "నాకోసం మూడు రోజులు రా. మూడు రోజుల్లో నువ్వు అందరితో పాటు వరండా మీద నీళ్ళు తాగకపోతే మానేద్దువు గానీ. నేనూ కడవ దించేస్తా."

మర్నాడు పొద్దున్నే అవ్వ నొప్పి భుజంతోనే మిట్ట దిగింది, కడవ సగం నింపింది, మిట్ట ఎక్కింది. మూడు కుండలూ బోర్లించింది. మూడు ముంతలూ ఒళ్ళో కట్టుకుంది. వరండా మధ్యలో ఒక పెద్ద బాన పెట్టి, సగం కడవలే పదిసార్లు మోసి నింపింది. మనిషంత పొడుగు వెదురు కాడకి కొబ్బరిచిప్ప కట్టి, గరిటె చేసి, బాన మీద పెట్టింది. ఆ గరిటెతో ఎదుటివాడికి పోయొచ్చు గానీ, ఎవడి నోట్లో వాడు పోసుకోలేడు.

"పిల్లలూ, ఇనండి. నా భుజం పోయింది, ఇక నేనెవురికీ పొయ్యను. ఎవురికి వాళ్ళు పోసుకునేదీ లేదు. అందరూ దోసిలే పట్టాల. తాగినోళ్ళు ఎనకోళ్ళకి పొయ్యాల."

"మరి మొట్టమొదట ఎవరు పోస్తారవ్వా?"

"సలోమి," అంది అవ్వ.

హెడ్మాస్టరు గారు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఓబులమ్మా, ఏం పనిది! ఊళ్ళవాళ్ళు ఊరుకుంటారా? బడి మూతపడుతుంది!"

"ఆ పిల్ల బడి మానేస్తానంటంది అయ్యా. ఆ పిల్లకి మూతబడినట్టే గదా."

ఆయన వరండా అటూ ఇటూ చూశాడు. "నేను చూడలేదనుకో" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చెప్పాను కదా, మంచివాడు, భయస్థుడు.

మొదటి రోజు ఎవరూ తాగలేదు. ఒకరిద్దరు మొండివాళ్ళు ఒక చేత్తో గరిటె పట్టుకుని ఇంకో చేత్తో తాగబోయారు. నీళ్ళన్నీ చొక్కా తాగింది. రెండో రోజు ఇళ్ళ నుంచి చెంబుల్లో, సొరకాయ బుర్రల్లో నీళ్ళు తెచ్చుకున్నారు. పొద్దెక్కకుండానే అవి ఖాళీ. బావికి దిగినవాళ్ళకి చేంతాడు దొరకలేదు. చేంతాడు అవ్వ నడుముకి చుట్టుకుని ఉంది! సలోమి రెండు రోజులూ గరిటె పట్టుకుని నిలబడింది. ఒక్కరూ దోసిలి పట్టలేదు. ఆమె కూడా తాగలేదు, పోసేవాళ్ళు లేరు కదా.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మూడు ఊళ్ళ పెద్దలు మిట్ట ఎక్కి వచ్చారు. జీవితంలో మొదటిసారి ముగ్గురూ కలిసి నడిచారు. ముందు చింతలదిన్నె మునసబు చెంచయ్య, చెన్నకేశవ తండ్రి.

"ఓబులమ్మా! ఎవరినడిగి మా కుండ బోర్లించావు?"

"చెబుతానయ్యా. ఎండనబడి వచ్చారు, ముందు దప్పిక తీర్చుకోండి."

సలోమి గరిటె ముంచింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురి నాలుకలూ అంగిలికి అంటుకుని ఉన్నాయి. ఒక్కరూ కదల్లేదు.

"సాయంత్రానికి మా కుండ మళ్ళీ నిలబడాల. లేదంటే మా ఊరి పిల్లలు ఈ మిట్ట ఎక్కరు" అన్నాడు మునసబు.

"మా ఊరి పిల్లలూ ఎక్కరు" అన్నాడు పాలేటిపల్లె పెద్ద.

"మా ఊరి పిల్లలూ అంతే" అన్నాడు రాళ్ళకుంట పెద్ద. ఆయన ముసలివాడు, గొంతు సరిగ్గా పెగల్లేదు.

సలోమి గరిటె కింద పెట్టింది. సంచి భుజాన వేసుకుంది.

"అవ్వా, నా మూలాన బడి పోవద్దు. అందరూ చదువుకోవాల. నేను పోతా."

ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. పిల్లలందరూ చూస్తున్నారు. ఆ పిల్ల పడిపోయినప్పుడు చూసిన కళ్ళే అవి. మూడో మెట్టు మీద కాలు పెట్టింది.

"సలోమీ, ఆగు!"

చెన్నకేశవ. తండ్రి వైపు చూడకుండా బాన దగ్గరికి వచ్చాడు.

"నాకు దప్పికగా ఉంది. పొయ్యవా?"

వంగి దోసిలి పట్టాడు. సలోమి వెనక్కి ఎక్కింది. గరిటె ముంచింది. పొడుగు కాడ ఊగి సగం నీళ్ళు వాడి పాదాల మీద పోసింది, సగం దోసిట్లో పోసింది.

"ఒరేయ్ చెన్నా!" అని అరిచాడు మునసబు.

దోసిట్లో నీళ్ళున్నవాడు తల ఎత్తలేడు. వాడు తల వంచుకునే తాగాడు, కడుపునిండా తాగాడు. తర్వాత గరిటె అందుకున్నాడు.

"మొన్న నువ్వు అడిగితే నేను పొయ్యలేదు. తప్పయింది. ఇప్పుడు పడతావా?"

సలోమి దోసిలి పట్టింది. వాడు పైనుంచి పొయ్యలేదు. చిప్ప ఆమె చేతుల దాకా వంచి పోశాడు. రెండు రోజులుగా బాన పక్కనే నిలబడిన పిల్ల ఆ రోజు ఆ బానలో నీళ్ళు తాగింది.

ఆ తర్వాత సలోమి పాలేటిపల్లె పిల్లకి పోసింది. ఆ పిల్ల రాళ్ళకుంట పొడుగాటివాడికి పోసింది. వరస వరండా దాటి మెట్ల మీదికి పాకింది. గది తలుపు తెరుచుకుంది. హెడ్మాస్టరు గారు వచ్చి వరస చివర నిలబడ్డాడు. ఆ తర్వాత నీతిపాఠం మానేశాడని కొందరంటారు, ఇంకా బాగా చెప్పాడని కొందరంటారు.

"పంచాయితీ తర్వాత చూద్దాం లేబ్బా, నాకు పానం పోతంది" అని రాళ్ళకుంట ముసలాయన కూడా వరసలో దూరాడు. పిల్లలు నవ్వారు. అవ్వ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

మునసబు మాత్రం తాగలేదు. ఎండిన గొంతుతోనే మిట్ట దిగిపోయాడు. కానీ కొడుకుని రమ్మని పిలవలేదు.

బడి మూతపడలేదు. సలోమి మానలేదు. ఏళ్ళు గడిచాయి. అవ్వ మిట్ట ఎక్కలేకపోతే పిల్లలే మిట్ట దిగారు, కడవలు నింపారు, మిట్ట ఎక్కారు. ఎవరి కడవ ఏ ఊరిదో ఎవరూ అడగలేదు.

సలోమి ఆఖరి పరీక్ష రాసిన రోజు అవ్వ జబ్బుగా ఉంది. "గంట ఇనాలని ఉంది" అంటే పిల్లలు ఆమెని మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చారు. అవ్వ నీళ్ళడిగింది.

దోసిలి పట్టబోతే చేతులు కలవలేదు. సలోమి తన దోసిలి అవ్వ చేతుల కింద పెట్టింది. చెన్నకేశవ పోశాడు. రెండు గుక్కలు తాగింది.

"నేను తాగాను గదా. ఎనకోళ్ళకి పొయ్యాల గదా. నా ఎనక ఎవురున్నారు?"

వెనక, అందరికన్నా చివర, ఆ ఏడే బడిలో చేరిన ఒక చిన్నపిల్ల నిలబడి ఏడుస్తోంది. అవ్వ చెయ్యి గరిటె దాకా వెళ్ళింది. కాడ పట్టుకుంది. ఎత్తలేకపోయింది. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే, అవ్వ వెళ్ళిపోయింది.

అందరూ ఘొల్లుమన్నారు. సలోమి ఆ చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుంది. బానలో ముంచింది. ఆ చిన్నపిల్లని ముందుకి పిలిచింది.

"దోసిలి పట్టమ్మా. ఇది నేను పోసేది కాదు. అవ్వ వంతు. అవ్వ పోస్తంది, తాగు."

అవ్వని సాగనంపడానికి మూడు ఊళ్ళూ మిట్ట ఎక్కాయి. వాడ కూడా ఎక్కింది. మునసబు చెంచయ్య కర్ర పట్టుకుని వచ్చాడు, వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే కర్ర పక్కనపెట్టి, వంగి, దోసిలి పట్టాడు. ఎవరు పోస్తున్నారో తల ఎత్తి చూడలేదు. తాగాడు. తర్వాత గరిటె అందుకుని వెనకవాళ్ళకి పోశాడు.

ఇప్పుడు ఆ బడిలో కుళాయిలున్నాయి. పిల్లల సంచుల్లో సీసాలున్నాయి. అయినా బడి తెరిచిన రోజున వరండాలో బాన పెడతారు. కొబ్బరిచిప్ప ఎన్నిసార్లు మారిందో గానీ, కాడ మాత్రం పొడుగ్గానే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళలో చివర్న బిక్కుబిక్కుమంటూ నిలబడిన పిల్లనో పిల్లవాణ్ణో అందరికన్నా ముందుకి పిలుస్తారు. పెద్ద క్లాసు పిల్లలు పోస్తారు. పోస్తూ, "అవ్వ పోస్తంది, తాగు" అంటారు. ఎవరు పోసినా ఆ మొదటి నీళ్ళు అవ్వవే. ఆమె వంతు ఇంకా అలా నడుస్తూనే ఉంది.

నా కథ అయిపోయింది, నా గొంతు ఎండిపోయింది. నీళ్ళకి లేస్తున్నారా? ఆగండి, తోసుకోకండి. అందరికన్నా చివర కూర్చున్నది ఎవరు? ఆ పిల్లని ముందుకి రానివ్వండి.