గవర్రాజు కారు, మాణిక్యాంబ కుళ్ళు

అనగనగా తుని దగ్గర ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక మెరక వీధి, ఆ వీధి చివర ఒక చిన్న పెంకుటిల్లు. కాళ్ళు ఆడించకు అమ్మడూ, దుప్పటి జారిపోతోంది. ఆ ఇంట్లో గవర్రాజు, వాళ్ళావిడ మాణిక్యాంబ ఉండేవాళ్ళు. గవర్రాజు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మాణిక్యాంబ జాకెట్లు, లంగాలు కుట్టేది. పొద్దుగూకేసరికి ఇద్దరూ అరుగు మీద చేరి వక్కపొడి నములుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ రోజంతా ఆ ఒక్క గంట కోసమే ఎదురుచూసేది.

ఒకరోజు గవర్రాజు డాక్టరుగారింటికి మిషను బాగుచెయ్యడానికి వెళ్ళాడు. వాళ్ళ పెరట్లో ఒక బుల్లికారు ఉంది. డాక్టరుగారి తాతగారి నాటిది. చక్రాల్లో గాలి లేదు, ఒళ్ళంతా తుప్పు, వెనక సీట్లో కోడిపెట్ట పొదుగుతోంది. "పట్టుకుపోవయ్యా, పెరట్లో చోటన్నా మిగులుతుంది" అన్నారు డాక్టరుగారు. అప్పుడు గవర్రాజు దానికి రెండెడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. పెట్ట కూడా వచ్చేసింది. అది గుడ్ల మీంచి లేస్తేగా!

మొదట్లో మాణిక్యాంబ నవ్వింది. ఆ తర్వాత నవ్వడం మానేసింది. ఎందుకంటావా? సాయంత్రం అరుగు మీద ఆవిడ ఒక్కతే కూర్చుంటోంది మరి. ఆయనగారేమో కారు కింద. కాళ్ళు రెండూ బయటికి కనబడేవి. ఆవిడ ఎన్ని కబుర్లు చెప్పినా కారు కింద నుంచి ఊ కొట్టేవాడు కూడా కాదు.

బిగుసుకుపోయిన మరలకి కిరసనాయిలు పోసి నానబెట్టాడు. గరుకు కాగితంతో తుప్పంతా గీకాడు. మిషన్లకి వేసే నూనె చుక్క చుక్క వేసి ఒక్కొక్క కీలూ కదిలించాడు. డాక్టరుగారి డ్రైవరు దగ్గర నడపడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత కొత్త సీట్లు బిగించి, కారుకి లేత పెసరరంగు వేశాడు. నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చేసింది. అదే మాణిక్యాంబకి మరీ మంట.

మొదట, పులుసులోకి నానేసిన చింతపండు తీసుకెళ్ళి కారు ఇత్తడి హారను తోమాడు. ఆవిడ ఊరుకుంది. ఆ తర్వాత, ఆవిడ మెత్తటి వాయిలు చీర చింపి అద్దాలు తుడిచాడు. పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం మూర మల్లెపూలు తెచ్చాడు. రోజూ ఆవిడకే తెచ్చేవాడు. ఆవిడ జడలో పెట్టించుకోవడానికి వెనక్కి తిరిగి నిలబడింది కూడా. ఆయన పరధ్యానంగా తిన్నగా వెళ్ళి కారు ముందు దీపానికి చుట్టేశాడు. "మా చిట్టితల్లికి ఎంత బాగున్నాయో!" అన్నాడు.

ఇంక చూస్కో. ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది. "నా మీదికి సవతిని తెచ్చాడు, అదీ తుప్పు పట్టినదాన్ని" అనుకుంది. ఇనుప డొక్కు మీద కుళ్ళేమిటమ్మమ్మా అంటావేమో. నేనైతే అనను. నేనే అయితే ఆ హారను పీకి నూతిలో పడేసేదాన్ని.

అప్పుడు మాణిక్యాంబ పానా దాచేసింది. ఆయన పట్టకారుతో మరలు బిగించేసుకున్నాడు. ఆ తర్వాత పెట్టనీ, దాని పిల్లల్నీ తీసుకెళ్ళి కొత్త సీటు మీద కూర్చోబెట్టింది. ఆయన నవ్వుకుంటూ రెట్ట తుడుచుకున్నాడు. కారు దగ్గర కోపమే రాదు ఆ మనిషికి! కూరలో ఉప్పెక్కువైతే మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాడు.

ఆ తర్వాత కారు మొదటిసారి బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున్నే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. మాణిక్యాంబ మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎంత కుళ్ళున్నా, ఎక్కమంటాడు కదా అని లోపల ఆశ. తీరా చూస్తే పక్క సీట్లో పనిముట్ల పెట్టె ఉంది.

"మాణిక్యం, వీధి మొదట్నుంచి నిండు బిందెతో ఎదురు రావే. శుభం" అన్నాడు.

మంచి పనికి బయల్దేరినవాళ్ళకి ముత్తైదువ ఎదురొస్తుంది కదా, వచ్చి నవ్వుతూ పక్కకి తప్పుకుంటుంది. అంటే ఏమిటన్నమాట? ఆయన పెట్టెని పక్కన పెట్టుకుని ఊరేగుతాడు, ఈవిడ దారి ఇచ్చి పక్కన నిలబడాలి. మాణిక్యాంబకి ఏడుపొచ్చింది. అయినా బిందె తీసుకుని వెళ్ళింది.

ఇల్లు మెరక మీద కదా, బ్రేకు వదలగానే కారు పల్లంలోకి దొర్లి డుగుడుగుమని అందుకుంది. వీధంతా చప్పట్లు. ఎదురుగా మాణిక్యాంబ వస్తోంది. వచ్చింది, వచ్చింది, నడివీధిలో ఆగిపోయింది. పక్కకి తప్పుకోలేదు!

ఆయన పోంపోం అన్నాడు. ఆవిడ కదల్లేదు. అప్పుడు గభాలున బ్రేకు తొక్కాడు. కారు గుర్రుమని ఆవిడకి మూరెడు దూరంలో ఆగింది, ఇంజనూ ఆరిపోయింది.

"తప్పుకోవే, ముహూర్తం దాటిపోతోంది!"

"తప్పుకోను. నాకు కుళ్ళుగా ఉంది" అంది అందరి ముందూ. "దీని మీద కుళ్ళుగా ఉంది. మీరు నాతో మాట్లాడి నెల్లాళ్ళయింది. ఆ పెట్టెకున్న చోటు కూడా నాకు లేదాండీ?"

వీధిలో ఎవరూ నవ్వలేదు. గవర్రాజు తల దించుకుని కారు దిగాడు. ఇక ముందు పల్లం లేదు. ఒకరు బయట హ్యాండిలు తిప్పాలి, ఒకరు లోపల పెడలు నొక్కాలి. అప్పుడుగానీ కారు కదలదు.

ముందు పాల వీర్రాజు ఎక్కి దబ్బున తొక్కాడు. కారు దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత బడిపంతులుగారు ఎక్కి, భయం భయంగా కాలు ఆనించారు. అది ఉలకలేదు, పలకలేదు. ఇంకెవరు మిగిలారు? రోజంతా కాలితో మిషను ఆడించే మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కతే.

గవర్రాజు చెమట తుడుచుకుంటూ ఆవిడ దగ్గరికొచ్చాడు. నీ కోసమే చేశానే అని కోతలు కొయ్యొచ్చు. కొయ్యలేదు. "మరిచిపోయాను మాణిక్యం. ఇంట్లో నువ్వున్నావన్న సంగతే మరిచిపోయాను. తప్పయిపోయింది" అన్నాడు.

ఆ మాటకి ఆవిడకి కోపం ఇంకా పెరిగింది. కానీ అబద్ధమాడలేదు కదా అని బిందె దింపింది. ఎక్కి కూర్చుని, పట్టు జాకెట్టు కుట్టేటప్పుడు మిషను ఎలా తొక్కుతుందో అలా మెత్తగా పెడలు నొక్కింది. ఆయన హ్యాండిలు తిప్పాడు. డుగుడుగుడుగు! కారు ఆవిడ అరికాలి కింద గురగురలాడింది. అమ్మో, ఆ గురగుర ఆవిడకి నచ్చేసింది! పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉంది.

ఆ తర్వాత పనిముట్ల పెట్టెని తనే వెనక్కి తోసి, పక్క సీట్లోకి జరిగి కూర్చుంది. ఇద్దరూ సంత దాటారు, రైలు గేటు దాటారు, తాండవ ఏటి ఒడ్డుకి చేరారు. గాలికి ఆవిడ ముంగురులన్నీ చెదిరిపోయాయి. ఒడ్డున గవర్రాజు కారు వైపు వీపు పెట్టి, ఆవిడ కేసి తిరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు, ఆ నెల్లాళ్ళ కబుర్లూ" అన్నాడు.

ఆవిడ మొదలెట్టింది. మొదలెట్టి, సగంలో టక్కున ఆపేసింది. ఒక గేదె వచ్చి కారు తలుపుకి ఒళ్ళు రాసుకుంటోంది. మాణిక్యాంబ చెంగు బిగించి పరిగెత్తింది.

"ఛీ పో! నా కారు ముట్టుకుంటావా?" అని కేకేసింది.

గవర్రాజుకి వెనక్కి తిరిగి కారుకేమైందో చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు పాపం.

కారెక్కి కథ వెళ్ళె కంచికి,
కాళ్ళు ముడిచి మనమేమో మంచానికి,
కుళ్ళంతా పోయె ఏటి ఒడ్డుకి,
కునుకమ్మా రావమ్మా మా అమ్మడి కంటికి.