గడప దగ్గర పడిపోయిన అత్త పసుపు

ఒకప్పుడు ఏ పిల్లవాడి గజ్జల్లోనూ పసుపు గింజ అన్నదే ఉండేది కాదు. పసుపంతా పైనే, టోపీ అత్త దగ్గరే ఉండేది.

టోపీ అత్త ఎవరనుకున్నారు? అమ్మ కడుపులో పెరిగే బిడ్డకి నడుం దగ్గర మూత్రపిండం ఉంటుంది కదా, దాని నెత్తిన టోపీలా కూర్చునే చిన్న గ్రంథి. డాక్టర్లు అధివృక్క గ్రంథి అంటారు. ఒళ్లంతా పసుపు రాసుకున్నట్టుంటుంది. ఒంట్లో ఎవరికి ధైర్యం కావాలన్నా అత్తకే కబురు.

ఆ పక్కవాటాలో బీజంగాడు ఉండేవాడు. మగపిల్లల సంచిలో ఉంటాడే, డాక్టర్లు వృషణం అంటారే, వాడే. అప్పట్లో వాడి మకాం పైనే. అత్తకి ఆనుకుని పడుకుంటే తప్ప నిద్రపట్టేది కాదు.

ఒకనాడు కిందనుంచి తాడుతాత కేకేశాడు. బీజాన్ని కిందికి లాగే తాడు ఆయనే.

"ఒరేయ్, దిగాలిరా! పైన వేడి. ఆ వేడిలో ఉంటే నువ్వు ఎదగవు. కింద సంచి చల్లగా ఉంది. గజ్జల్లో గుమ్మం ఇంకెన్నాళ్లో తెరిచి ఉండదు."

"నేను రాను. అత్త లేనిచోట నాకు భయం."

"రేపు మీసాలు మొలిపించాల్సినవాడివి, నీకు భయమేంట్రా!" అని మూత్రపిండం మామ పకపకా నవ్వాడు.

అత్త నవ్వలేదు. అందరికీ ధైర్యం పంచే అత్తకి ఆ పూట తన ధైర్యం తనకే చాల్లేదు. వీడు దిగకపోతే ఎదగడు. దిగితే తనకి కనబడడు. చివరికి తన ఒంటి పసుపు గింజంత గిల్లి, వాడి చెంగున ముడేసింది.

"పసుపు తోడుంటే ప్రయాణం మంచిది అల్లుడూ. పో. నువ్వు వెనక్కి చూడకు. నేను వెనకనుంచి పిలవను."

తాత లాగుతుంటే జారుతూ, ఆగుతూ, బీజంగాడు గజ్జల్లో గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం మహా ఇరుకు. ఒళ్లు ముడుచుకుని దూరాడు.

అంతసేపూ నోరు బిగబట్టుకున్న అత్త, సరిగ్గా అప్పుడే ఆగలేకపోయింది.

"అల్లుడూ! ముడి జాగ్రత్త!"

అయ్యో, పిలవనే పిలిచింది! వాడు గిరుక్కున తిరిగాడు. చెంగు గుమ్మానికి రాసుకుంది. ముడి ఊడి, పసుపు గింజ గడప పక్కన పడింది.

"అత్తా, పడిపోయింది!" వాడు వెతకడానికి వంగాడు. గుమ్మం మెల్లగా మూసుకుంటోంది.

"అక్కడే ఇరుక్కుపోతావురా వెధవా!" తాత అరిచాడు.

తప్పు తనదే. అత్త కళ్లు తుడుచుకుని గొంతు గట్టి చేసుకుంది.

"వదిలెయ్ నాన్నా. ఇంతదూరం దిగొచ్చింది పసుపా, నువ్వా?"

బీజంగాడు కాస్త ఆలోచించాడు.

"నేనే!" అన్నాడు.

కళ్లు మూసుకుని దూకాడు. చల్లటి సంచిలో మెత్తగా పడ్డాడు. వెనకే గుమ్మం మూసుకుంది.

"ఎలా ఉందిరా?"

"హాయిగా ఉందత్తా! నీ పసుపే గడప దగ్గర ఉండిపోయింది."

"ఉండనీరా. నేను రాలేని చోట అదైనా ఉంటుంది."

అప్పటినుంచే, కొందరు పిల్లలకి గజ్జల్లో ఆపరేషన్ చేస్తుంటే డాక్టర్లకి చిన్న పసుప్పచ్చ గింజ ఒకటి కనబడుతుంది. ఎక్కడో పైన ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందా అని తేరిపార చూస్తారు. ఏం లేదు. అల్లుణ్ణి సాగనంపిన అత్త, వెనకనుంచి ఒక్కసారి పిలిచింది, అంతే.