పంచదార వెయ్యని సీసా

ఇమ్మానుయేలు మాస్టారిని ఎవరేం అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే: "రెండు సీసాలు పట్టుకురా." ఆ మందుల ప్రయోగశాలలో ఈ మాటకు విసుక్కోని శిష్యులు లేరు.

సౌదామినీ విసుక్కుంది. కంటికి ఆనని కొవ్వు రేణువుల్లో మందు పొదిగి, నిల్వ కోసం గడ్డకట్టించి, ఆ మంచును ఆవిరిగా లాగేసి పొడి చెయ్యడం వాళ్ల పని. "ఈ పొడిలో మందుకంటే పంచదారే పదింతలుంది. అది ఏ రోగాన్నీ నయం చెయ్యదు. ఊరికే పక్కన కూర్చునేదానికి అంత చోటెందుకు సార్?" అని అడిగింది.

మాస్టారు ఒక సీసాలో పంచదార వేయించారు, రెండోదాంట్లో వద్దన్నారు. మూడు రోజులు యంత్రంలో ఉంచి, నాలుగోనాడు రెండింటిలోనూ నీళ్లు పొయ్యమన్నారు. మొదటిది ఎప్పటిలా పల్చటి పాలలా అయింది. రెండోదాంట్లో విరిగిన పాలలాగా ముక్కలు తేలాయి.

"ఇన్నాళ్లూ రేణువుల మధ్య నీళ్లున్నాయి. అవి వెళ్లిపోయేటప్పుడు ఆ చోట ఎవరో ఒకరు నిలబడాలి. లేకపోతే ఒకదాన్నొకటి నొక్కుకుని ముద్దైపోతాయి."

సౌదామిని గబగబా రెండో సీసాలో పంచదార వేసి చాలాసేపు కలిపింది. ముక్కలు గిరగిరా తిరిగాయేగాని విడలేదు.

"ఇప్పుడు వేస్తే లాభం లేదా సార్?"

"ముందే ఉండాలమ్మా."

ఒక్క సీసా పాడైతే ఏడ్చే పిల్ల కాదు సౌదామిని. అయినా కళ్లు తుడుచుకోవడం ఆయన చూశారు. అప్పుడు చెప్పింది. రెండు నెలల కిందట నర్సీపట్నంలో వాళ్ల బావ పోయాడు. పదిరోజులు వచ్చి ఉండవే అని అక్క ఫోన్ చేస్తే, "నేనొచ్చి చేసేదేముందే, బావని తీసుకురాగలనా?" అంది. పెద్దకర్మ నాడు వెళ్లి, భోజనాలవగానే బస్సెక్కేసింది. ఇప్పుడు అక్క ఎవరితోనూ మాట్లాడదు. మొన్న తను వెళ్లి పక్కన కూర్చున్నా గోడవైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు తలుచుకుంటే సౌదామినికి అన్నం సహించడం లేదు.

మాస్టారు రెండో సీసాకు మూత పెట్టారు గాని పారెయ్యలేదు.

"ఆ ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"అక్క కూతురు సార్. ఎనిమిదేళ్లు. అదీ ఈమధ్య మాటలు తగ్గించేసిందట."

ఆయన మొదటి సీసాను కూడా తనవైపు జరుపుకున్నారు.

"ఆ పిల్ల విషయంలో ఇంకా వేళ మించలేదేమో. ఇక్కడి సీసాలు నేను చూసుకుంటాను."