నడి ఏటిలో మూత

ఒక నదికి రెండు ఒడ్లున్నాయి. సముద్రం దగ్గరే కావడంతో నదిలో నీళ్ళు ఉప్పగా ఉండేవి. తూర్పు ఒడ్డున ఒక మంచినీళ్ళ బావి ఉంది. పడమటి ఒడ్డున ఒక పిండి మర ఉంది. నీళ్ళు అటు వెళ్ళేవి, పిండి ఇటు వచ్చేది. మధ్యన తిరగడానికి ఒకే పడవ, ఒకే పడవవాడు.

తూర్పు ఒడ్డువాళ్ళు తమకు గొప్పదనిపించిన దాన్ని కప్పుతారు. అన్నం గిన్నె మీద గుడ్డ వేస్తారు, గ్రంథాన్ని గుడ్డలో చుడతారు, పెద్దల సమాధుల మీద కొత్త వస్త్రం పరుస్తారు. అన్నిటికన్నా శ్రద్ధగా బావిని కప్పారు. దాని మీద ఎప్పుడూ ముదురు నీలం పట్టు గుడ్డ ఉండేది. గుడ్డకు ఒక చీలిక ఉంది, అందులోంచి చేద దిగేది. చేద లాగేటప్పుడు బావి కాపరి కళ్ళు మూసుకునేవాడు. బావి లోపల ఎలా ఉంటుందో చూసినవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. చూడాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

పడమటి ఒడ్డువాళ్ళు తమకు గొప్పదనిపించిన దాన్ని తెరుస్తారు. వాళ్ళ తలుపులకు తెరలుండవు. ఎవరైనా మేలు చేస్తే, ఆ చేసినదాన్ని నలుగురి ముందూ విప్పి, లోపలిదంతా చూసి, చూసింది చూసినట్టు పైకి చెప్పాలి. మంచీ చెప్పాలి, లోపమూ చెప్పాలి. లోపం చెప్పకుండా మెచ్చుకునేవాడి మనసులో ఏదో ఉందని అనుకుంటారు. వాళ్ళు గుడ్డ కప్పేది ఒక్క చావుకే. ఇంట్లో మనిషి పోతే గుమ్మానికి గుడ్డ వేలాడదీస్తారు.

ముప్ఫై ఏళ్ళుగా ఇచ్చిపుచ్చుకుంటున్నా ఒకరి పద్ధతి ఒకరికి తెలియదు. అదెలాగని మీరు అడగొచ్చు. అదంతా పడవవాడి చలవ.

కాపరి కడవలకు మూతలు పెట్టి, పైన గుడ్డలు కట్టి పడవలో ఎక్కించేవాడు. నది మధ్యకు రాగానే పడవవాడు తెడ్డు పక్కన పెట్టి, గుడ్డలు విప్పి, మూతలన్నీ తీసేసేవాడు. మూసిన కడవ దిగితే పడమటివాళ్ళు ముట్టరు. తిరుగు ప్రయాణంలో తెరిచిన పిండి బుట్టలు ఎక్కేవి. వాటిని అదే చోట, నడి ఏట్లో, చక్కగా కప్పేసేవాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. అతనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొడవ లేకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి.

పడమటి ఒడ్డున గాజు పని చేసే ఒకామె ఉండేది. ఆమె భర్తకు జ్వరం పట్టుకుని నలభై రోజులు వదల్లేదు. ఈ కబురు పడవవాడి ద్వారా కాపరికి చేరింది. కాపరి ఆమెను ఎన్నడూ చూసింది లేదు. అయినా నలభై రోజులూ వేకువనే తోడిన మొదటి కడవ ఆ ఇంటికని విడిగా పంపాడు. భర్త బతికాడు. ఆమె సంతోషం పట్టలేక, ఒకనాడు పొద్దున్నే పడవెక్కి తూర్పు ఒడ్డుకు వచ్చింది. పడవవాడు వద్దని రెండుసార్లు అన్నాడు. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు.

ఆమె కాపరి కాళ్ళకు దండం పెట్టింది.

"అన్నా, నా మనిషిని నిలబెట్టారు. మీ బావికి మర్యాద చేసి వెళ్తాను" అంది.

"చెయ్యమ్మా" అన్నాడు కాపరి. పువ్వులు పెడుతుందేమో అనుకున్నాడు.

ఆమె బావి దగ్గరకు వెళ్ళి, పట్టు గుడ్డ అంచు రెండు చేతులా పట్టుకుని పూర్తిగా తీసేసింది. లోపలికి వంగి చూసింది. తర్వాత ఊరంతా వినేలా చెప్పింది.

"చూశాను! గోడలకు నాచు పట్టింది. అడుగున పగిలిన చేద ఒకటి పడి ఉంది. ఓ రాయి కదిలింది. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఇంత మంచి బావిని నేనెక్కడా చూడలేదు!"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. తన జన్మలో అంత మర్యాద ఆమె ఎవరికీ చేసి ఎరగదు.

కాపరి అక్కడే కూలబడ్డాడు. ఎవరో తన తల్లిని నడివీధిలో నిలబెట్టి, ఆమె ఒంటి మీది మచ్చలు లెక్కపెట్టినట్టనిపించింది. అతనికి కోపం రాలేదు. నొప్పి వచ్చింది. ఆ నొప్పి నిజమైనది, దాన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

కోపం వచ్చింది వేరే ఆయనకి. తూర్పు ఒడ్డున పెద్ద గొంతున్న ఒకాయన ఉండేవాడు. ఆయన బావి దగ్గరకు వచ్చి ఏళ్ళయింది. ఇంట్లో కూర్చుంటే నీళ్ళు ఇంటికే వచ్చేవి. ఆ రోజు మాత్రం అందరికన్నా ముందు వచ్చాడు.

"బావి పరువు తీసింది. ఈమెను నదికి అప్పగించాల్సిందే!" అని అరిచాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఊరంతా కూడి తేల్చాలని నిర్ణయించారు. అంతవరకూ ఆమెను ధాన్యం కొట్లో పెట్టి గొళ్ళెం వేశారు. కాపరి రోజూ అన్నం పట్టుకెళ్ళేవాడు. గిన్నె మీద గుడ్డ కప్పి తీసుకెళ్ళేవాడు. ఆమె ఆ గుడ్డ చూడగానే ముఖం తిప్పుకునేది. తన చావు ఖాయమైందని తెలియజేస్తున్నాడనుకుని రెండు రోజులూ ముద్ద ముట్టలేదు. తనను అసహ్యించుకుని తినడం లేదని కాపరి అనుకున్నాడు.

రెండో రోజు కాపరికి ఒక ఆలోచన వచ్చింది. ఆమె భర్త అక్కడ ఎంత బెంగపడుతున్నాడో! తూర్పు ఒడ్డున ఒక ఆచారం ఉంది. ఎవరినైనా నా ప్రాణం అడ్డుపెట్టి కాపాడతానని మాట ఇచ్చినవాడు, వాళ్ళ గుమ్మానికి తన ఇంట్లోని శ్రేష్ఠమైన గుడ్డ కడతాడు. కాపరి తన పెళ్ళినాటి తెల్ల దుప్పటి పెట్టెలోంచి తీశాడు. మడత పెట్టి పడవవాడి చేతికిచ్చాడు.

"ఆ ఇంటి గుమ్మానికి కట్టి రా బాబూ. ఆయన చూస్తే ధైర్యంగా ఉంటాడు."

పడవవాడు నడి ఏట్లో తెడ్డు ఆపాడు. అలవాటు చొప్పున చేతులు మూత కోసం వెతికాయి. కడవ మీది మూతయితే తీసేయొచ్చు. దుప్పటి మీది నుంచి ఏం తీయాలి? అక్కడికి వెళ్ళి అసలు సంగతి చెప్పొచ్చు. కానీ నీకెలా తెలుసని అడుగుతారు. అడిగితే ముప్ఫై ఏళ్ళ మూతల కథ బయటపడుతుంది. అతను చాలాసేపు ఆలోచించాడు. ఎటూ తోచక, చెప్పినట్టే దుప్పటి గుమ్మానికి కట్టి, ఎవరికీ కనబడకుండా వచ్చేశాడు.

మర్నాడు పొద్దున భర్త తలుపు తీసి దుప్పటి చూశాడు. గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చాడు. జ్వరం నుంచి లేచి ఇంకా పది రోజులైనా కాలేదు.

పడమటి ఒడ్డునా పెద్ద గొంతున్న ఒకాయన ఉన్నాడు. బావి గుడ్డ తీసినందుకు ఆమెను బంధించారన్న కబురు పడవవాడి ద్వారా అందిన దగ్గర్నుంచి, ఈ రెండు రోజులూ ఆయన ఖాళీగా లేడు. మట్టితో చిన్న చిన్న బావులు చేయించి, మీద గుడ్డ పీలికలు వేయించి, వచ్చేపోయేవాళ్ళ చేత ఆ పీలికలు తీయిస్తూ నవ్విస్తున్నాడు. గాజు పనామె పేరు కూడా ఆయనకు సరిగ్గా తెలియదు. దుప్పటి సంగతి వినగానే నవ్వు మానేసి గుండెలు బాదుకున్నాడు.

"చంపేసి, చంపామని గుమ్మానికి గుడ్డ కట్టి మరీ వెళ్ళారు! ఆ బావి మీద ఇక నూలుపోగు కూడా ఉండకూడదు. పదండి!"

ఇరవై మంది పడవెక్కారు. భర్తను ముందు కూర్చోబెట్టారు.

"అయ్యా, ఆవిడ బతికే ఉందేమో" అన్నాడు పడవవాడు మెల్లగా.

"గుమ్మానికి గుడ్డ వేలాడుతుంటే ఉందేమో ఏమిటి? తెడ్డు వెయ్యి!"

పడవవాడు తెడ్డు వేశాడు.

తూర్పు ఒడ్డున అప్పటికే ఊరు కూడింది. కొట్లోంచి ఆమెను తెచ్చి బావి పక్కన నిలబెట్టారు. పెద్ద గొంతాయన కాపరిని అడుగుతున్నాడు.

"గుడ్డ తీసినప్పుడు నీ మనసు నొచ్చుకుందా, లేదా?"

"నొచ్చుకుంది. ఇప్పటికీ నొప్పిగానే ఉంది."

"అయితే ఆమె చెడ్డ బుద్ధితో చేసినట్టేగా?"

"కాదు. మర్యాద చేస్తానని అడిగి చేసింది. చేసేటప్పుడు ఏడ్చింది. నేను కళ్ళారా చూశాను."

"రెండూ నిజమెలా అవుతాయి?"

కాపరికి రెండూ నిజమేనని తెలుసు. ఎలాగో తెలియదు. అతను జనం వైపు చూశాడు. జనానికీ తెలియదు. అందుకే వాళ్ళకు విసుగొచ్చి, ఏదో ఒకటి తేల్చేయమని గోల పెట్టారు. ఆ గోలలోనే పడవ ఒడ్డుకు తగిలింది.

భర్త దిగి భార్యను చూశాడు.

"బతికే ఉన్నావా?" అన్నాడు.

"నేను పోయానని ఎవరన్నారండీ?"

"గుమ్మానికి గుడ్డ ఉంది."

"అది నేను పంపిందే. ఈమెకు నా ప్రాణం అడ్డని చెప్పడానికి పంపాను" అన్నాడు కాపరి.

ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, అందరి తలలూ పడవవాడి వైపు తిరిగాయి. రెండు ఒడ్లూ తెలిసినవాడు అతనొక్కడే.

పడవవాడు చేతులు కట్టుకుని చెప్పేశాడు. ముప్ఫై ఏళ్ళలో అతను అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. కప్పితే ఇక్కడ గౌరవమనీ, అక్కడ చావనీ, తెరిస్తే అక్కడ గౌరవమనీ, ఇక్కడ అవమానమనీ చెప్పాడు. తను నడి ఏట్లో మూతలు ఎలా తీసేవాడో, ఎలా పెట్టేవాడో చేతులతో చూపించాడు. చెప్పడం అయ్యాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇక అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోతారనుకున్నాడు, పాపం.

"అయితే ముప్ఫై ఏళ్ళుగా మా బావి నీళ్ళను నడి ఏట్లో బట్టబయలు చేశావా?" అన్నాడు తూర్పు గొంతాయన.

"ముప్ఫై ఏళ్ళుగా మా పిండి మీద చావు గుడ్డ కప్పావా?" అన్నాడు పడమటి గొంతాయన.

ఇద్దరూ ఒకేసారి పడవ వైపు నడిచారు. ఇరవై మందీ, ఊరివాళ్ళూ వెనకాలే వెళ్ళారు. ఒకడు గొడ్డలి తెస్తే ఇంకొకడు అందుకున్నాడు. ఒకరు పలక పట్టుకుంటే ఒకరు లాగారు. రెండు ఒడ్లవాళ్ళు భుజం భుజం కలిపి చేసిన మొదటి పని అదే. చాలా చక్కగా, ఒక్క మాట తేడా రాకుండా చేశారు. ఆఖరి పలక ఊడాక గాని, ఇరవై మందీ ఎలా తిరిగి వెళ్ళాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

బావి దగ్గర ముగ్గురే మిగిలారు. ఆమెను నదికి అప్పగించే మాటే అందరూ మరిచిపోయారు.

భర్తకు ఎండకు గొంతు ఆర్చుకుపోయింది. "కాసిని నీళ్ళు" అన్నాడు.

కాపరి కళ్ళు మూసుకుని చేద లాగి కడవ నింపాడు. అలవాటుగా మూత పెట్టాడు. ఆమె ముఖం చూశాడు. ఆమె రెండు రోజులు అన్నం ఎందుకు ముట్టలేదో అప్పుడు అర్థమైంది. మూత తీసేశాడు. తీసేటప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు, బాధగానే ఉంది, అయినా తీశాడు.

ఆమె అది చూసింది. మూత అందుకుని తిరిగి కడవ మీద పెట్టింది. భర్త తాగాల్సిన నీళ్ళ మీద తన చేత్తో మూత పెడుతూ ఆమె ముఖం తిప్పుకుంది. అయినా పెట్టింది.

"వద్దు చెల్లెమ్మా, మీ పద్ధతిలోనే తాగనీ" అని కాపరి మళ్ళీ తీశాడు.

"లేదన్నా, ఇది మీ బావి" అని ఆమె మళ్ళీ పెట్టింది.

అతను తీశాడు. ఆమె పెట్టింది. భర్త దోసిలి పట్టి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తూ కూర్చున్నాడు.

ఒడ్డు దగ్గరి నుంచి ఎవరో తలెత్తి చూశారు. అంత దూరానికి మాటలు వినబడవు, చేతులు మాత్రం కనబడతాయి.

"అదుగో, మన కాపరి చేతిలో మూత లాక్కుంటోంది!" అని ఒక గొంతు లేచింది.

"మా ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటున్నాడు!" అని ఇంకో గొంతు లేచింది.

రెండు గుంపులూ బావి వైపు పరుగెత్తాయి. అందరి చేతుల్లోనూ పడవ చెక్కలున్నాయి.

పడవవాడు ఉత్త తెడ్డుతో ఇసుకలో నిలబడి ఉన్నాడు. అక్కడ జరుగుతున్నదేమిటో తెలిసినవాడు అతనొక్కడే. వాళ్ళిద్దరూ కొట్టుకోవడం లేదని అరుద్దామని నోరు తెరిచాడు. కాళ్ళ దగ్గర పడవ ముక్కలు కనిపించాయి. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.