దారి చెప్పిన తోడికోడలు

అనగనగా, మన సముద్రానికి ఆవల ఆఫ్రికా అనే పెద్ద నేల. ఆ నేలకి పడమటి అంచున, ఏరు కడలిలో కలిసే చోట ఒక చిన్న ఊరు. ఊరి చుట్టూ మడ అడవి. అడవి నిండా పాయలు. ఏ పాయ ఎటు పోతుందో ఆ ఊరివాళ్ళకే ఎరుక.

ఆ ఊరివాళ్ళు వరి పండించేవారు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పొలంలోకి రాకుండా బురదతో గట్లు కట్టేవారు. గట్టు నిలిస్తే అన్నం. గట్టు తెగితే పస్తు.

ఆ ఊళ్ళో నాఫీ అవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకి ఇద్దరు కొడుకులు, లాంసానా, బాకారీ. పెద్దకోడలు సీరా. చిన్నకోడలు కుంబా.

సీరా పనిమంతురాలే. ఆమెకి ముత్యంలాంటి కూతురు ఫాంతా. ఇంట్లో లోటేమీ లేదు. కుంబా కాపురానికి వచ్చేదాకా ఆమె మనసులోనూ లోటు లేదు.

కుంబా వచ్చిన ఏడాది పెద్ద పోటు వచ్చింది. సీరా గట్టు తెగింది. ఉప్పు తగిలి పైరు ఎర్రబడింది. పక్కనే కుంబా గట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

"చిన్నదాని చేతిలో ఏదో ఉందే!" అని మురిసిపోయింది నాఫీ అవ్వ. ఆ మాట సీరా గుండెలో ముల్లై దిగింది.

నాట్ల వేళ ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి పాడుతారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ సీరాయే. ఆ ఏడు ఎవరో, "కుంబా, నువ్వు ఎత్తుకో" అన్నారు. కుంబా గొంతు విప్పింది. పొలమంతా ఆమె వెంట పాడింది. సీరా పెదవులు కదిలాయి, గొంతు పలకలేదు.

ఒక రోజు మొగుడు లాంసానా అన్నం తింటూ, "ఈ అన్నం ఎంత తియ్యగా ఉందో! ఏ మడిదిది?" అన్నాడు. అది కుంబా మడిది. సీరా కుండలో మిగిలిన అన్నం కోళ్ళకి పారబోసింది.

అది మొదలు ఆమెకి నిద్ర కరువైంది. కుంబా నవ్వితే, తనని చూసే నవ్వుతోందనుకునేది. కుంబా "అక్కా, తినవేం?" అని అడిగితే, "ఎంత గర్వం దీనికి!" అనుకునేది. నిప్పు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళకి పక్కవాళ్ళ చలి తెలియదు కదా!

ఇలా ఉండగా ఆ తీరానికి ఎర్రటోపీ పెట్టుకున్న వర్తకుడొకడు వచ్చాడు. ఏరు కడలిలో కలిసే మొగ దగ్గర ఆగే పెద్ద ఓడలకి అతడు సరుకు చేర్చేవాడు. అతని సరుకు ఏనుగు దంతం కాదు, మిరియాలూ కాదు. మనుషులు. ఊళ్ళ మీద పడి మనుషుల్ని కట్టి తెచ్చి, సముద్రం అవతలి తోటల్లో గొడ్డుచాకిరీకి అమ్మేవాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడమంటూ లేదు.

ఈ ఊరి మీద అతనికి చాలాకాలంగా కన్నుంది. కానీ పాయల్లో దారి తెలియక తుపాకులున్నా ఏమీ చేయలేకపోయాడు. అందుకని ఈసారి తుపాకులు దాచి, కానుకలు పట్టుకుని వచ్చాడు.

పాయలకి బయట, ఏటి రేవులో పీతలు ఏరుకుంటున్న సీరా చేతిలో ఒక అద్దం పెట్టాడు. "అమ్మా, మీ ఊళ్ళో వరి బాగా పండించేది నువ్వేనటగా!" అన్నాడు.

సీరా ముఖం ముడుచుకుంది. "నేను కాదు. మా తోడికోడలు కుంబా. ఊరంతా దాని పేరే."

వర్తకుడు లోలోపల నవ్వుకున్నాడు. ఊరి గోడకి పగులు ఎక్కడుందో తెలిసింది.

రెండోసారి ఇత్తడి కడియం తెచ్చాడు. "పాపం, నీ విలువ ఎవరికీ తెలియదు. ఆ కుంబా ఒంటరిగా ఎప్పుడు దొరుకుతుందమ్మా? ఊరికే, మాట్లాడి చూద్దామని" అన్నాడు.

"కోతలప్పుడు పొద్దున్నే దూరపు మడికి పోతుంది" అంది సీరా. అన్నాక ఊరివైపు ఒకసారి తిరిగి చూసింది. కడియం చేతికి తొడుక్కుంది.

మూడోసారి చీరంత నీలం గుడ్డ తెచ్చాడు. "ఆమె ఒక్కతినే తీసుకుపోతాను. ఇంకెవరి జోలికీ రాను. నీకు మళ్ళీ పూర్వం రోజులు వస్తాయి. పాయల్లో దారి ఒక్కటి చెప్పు చాలు."

తాత ముత్తాతలనుంచి ఎవరూ పైవాళ్ళకి చెప్పని దారి అది. ఏట్లో పోటు ఎక్కుతోంది. అవతలి గట్టు మీద కుంబా ఏదో పాడుతోంది. ఆ పాట చెవిన పడింది.

"ఒక్కతేగా?"

"ఒక్కతే."

సీరా దారి చెప్పేసింది.

కోతలు మొదలయ్యాయి. ఊరంతా పొలంలో ఉన్న ఒక పొద్దున పాయలోంచి పడవలు దూసుకొచ్చాయి. ఒకటి కాదు, వరసగా వచ్చాయి. తుపాకులు పేలాయి. కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ముసలివాళ్ళని వదిలేసి దొరికినవాళ్ళని దొరికినట్టు కట్టేశారు. లాంసానాని కట్టారు. బాకారీని కట్టారు. కుంబాని కట్టారు. ఏడుస్తున్న ఫాంతాని కూడా పడవలో పడేశారు.

సీరా పరుగున వచ్చి వర్తకుడి కాళ్ళ మీద పడింది. "ఒక్కతే అన్నావు! నా మొగుడు, నా బిడ్డ! నేను నీ మనిషిని కదయ్యా!"

ఎర్రటోపీవాడు నవ్వాడు. "పిచ్చిదానా! ఓడ లెక్కలో నా మనిషి, నీ మనిషి అని ఉండదు." సైగ చేశాడు. ఆమె మెడకీ తాడు పడింది. ఆ తాడు రెండో కొస ఎవరి మెడకి కట్టారో తెలుసా? కుంబా మెడకే.

మగవాళ్ళ పడవలు ముందు వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న పడవ వెనకబడింది. అందులో వర్తకుడూ, తుపాకులవాళ్ళూ ఉన్నారు.

అంతలో కుంబా సన్నగా నాట్ల పాట ఎత్తుకుంది. రాగం పాతదే, మాటలు కొత్తవి.

"అక్కలారా, నీరు చూడండి, ఆటు మొదలైంది. మడ వేళ్ళు చూడండి, వేళ్ళకి గుల్లలున్నాయి. బురద మనకి అమ్మ, వాళ్ళకి గొయ్యి."

కాపలావాళ్ళకి ఆ భాష రాదు, వర్తకుడికి బేరమాడే నాలుగు ముక్కలే తప్ప పాట మాటలు అందవు. "ఏడుపులో ఇదొక రకం" అనుకున్నారు. ఆడవాళ్ళంతా పల్లవి అందుకున్నారు.

సీరా నీటివైపు చూసింది. నిజమే, నీరు వెనక్కి తీస్తోంది. ఎడమవైపు ఇరుకు పాయ ఒకటి ఉంది. ఆటు వేళ అందులోకి ఆ ఊరి పిల్లలు కూడా పడవ తిప్పరు.

అప్పుడే వర్తకుడు వెనక్కి తిరిగి, "ఓడ దగ్గరికి త్వరగా పోవాలి. అడ్డదారి ఏదైనా ఉందా?" అని సీరాని గద్దించాడు.

సీరా తలెత్తింది. ఇన్నాళ్ళ విషమంతా గొంతులోకి తెచ్చుకుంది. ఆ గొంతు తెచ్చుకోవడానికి ఆమెకి కష్టమేమీ కాలేదు.

"ఎడమ పాయలోకి తిప్పు. నన్ను ఏమైనా చేసుకో. ఈ కుంబా ఓడెక్కడం మాత్రం నా కళ్ళతో చూడాలి."

వర్తకుడు ఆ గొంతు ఎరిగినవాడు. మూడుసార్లు దాన్ని కొనుక్కున్నవాడు. మారుమాట లేకుండా పడవ తిప్పించాడు.

కాస్త దూరం పోయేసరికి పడవ అడుగు బురదకి తగిలింది. ఇంకాస్త పోయేసరికి ఆగిపోయింది. నీరు జారిపోయి, పాయంతా నల్లటి బురద తేలింది.

"దిగి తొయ్యండి!" అని అరిచాడు వర్తకుడు. దిగినవాళ్ళు దిగినట్టే నడుందాకా కూరుకుపోయారు. గింజుకున్నకొద్దీ ఇంకా దిగిపోయారు. తుపాకీ మందు తడిసి ముద్దయింది.

పడవ పక్కనే మడ చెట్ల వేళ్ళు. వేళ్ళ నిండా కత్తుల్లాంటి గుల్లలు. ఆడవాళ్ళు తాళ్ళు వాటికేసి రాశారు. మెడలు చీరుకున్నాయి, రక్తం కారింది, అయినా రాశారు. తాళ్ళు తెగాయి. కుంబా మొదట ఫాంతాని బురద మీద బోర్లా పడుకోబెట్టి ముందుకు తోసింది. నిలబడితే ముంచే బురద, పడుకుంటే మోస్తుందని వాళ్ళకి పుట్టుకనుంచీ తెలుసు. ఒకరి వెనక ఒకరు చేపల్లా జారిపోయారు.

వర్తకుడి చేతిలో ఒక తుపాకీ పొడిగా ఉంది. అతడు దాన్ని కుంబా వీపుకి గురిపెట్టాడు. సీరా చూసింది. ఒక్క గెంతు గెంతి అతని మీద పడింది. తుపాకీతో సహా ఇద్దరూ బురదలో పడ్డారు. గుండు ఆకాశంలోకి పోయింది.

వర్తకుడు గింజుకుని గింజుకుని మునిగిపోయాడు, సీరా చంకలదాకా దిగిపోయింది. చూస్తే, కుంబా పాకుతూ వెనక్కి వస్తోంది.

"రాకే! నన్ను ముట్టుకోకు. వాడికి దారి చెప్పింది నేనే" అంది సీరా.

కుంబా చాచిన చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకక్కా?"

"నీ మీద అసూయతో."

కుంబా కళ్ళనుంచి నీళ్ళు జలజల రాలాయి. తరవాత తెగిన తాడు సీరా చంకల కింద వేసి ముడి బిగించింది. "తిట్టడానికైనా నువ్వు నాకు బతికుండాలి. పడుకో. కదలకు" అంది. పళ్ళు బిగించి లాగింది.

బయటపడ్డవాళ్ళంతా ఏటి మొగ దగ్గరికి పరుగెత్తారు. అప్పటికే ఓడ తెరచాపలు ఎత్తేసింది. చూస్తుండగానే కొంగంతై, గింజంతై, మాయమైపోయింది. అందులోనే లాంసానా, అందులోనే బాకారీ. తోడికోడళ్ళిద్దరూ ఇసకలో కూలబడ్డారు. ఇద్దరిదీ ఒకటే ఏడుపు.

సీరా ఊరందరి ముందూ నిలబడి జరిగింది చెప్పింది. పెద్దలు మండిపడ్డారు. "దీన్ని వెళ్ళగొట్టండి!" అన్నారు.

నాఫీ అవ్వ కర్ర పట్టుకుని లేచింది. కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న తల్లి. అందరూ ఆమెకి దారి విడిచారు.

"దొంగ వాడు. ఆ పాపం వాడిది, వాడిచేత కొనిపించే ఓడలవాళ్ళది. కానీ తలుపు తీసింది నువ్వు" అంది అవ్వ. "నిన్ను చూస్తే నా కడుపు రగిలిపోతోందే. అయినా వెళ్ళగొట్టను. ఒంటరిగా బయటికి పోతే రేపు వాళ్ళకే దొరుకుతావు. నా ఇంటినుంచి ఆ ఓడకి ఇంకొక్కర్ని కూడా ఇవ్వను."

ఊరు మడ అడవి లోతుల్లోకి తరలిపోయింది. కొత్త బురదలో కొత్త గట్లు లేచాయి. పోటు ఎక్కువగా తోసే చోట మట్టి మోసింది సీరా. కుంబా చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఒక వానాకాలం గట్టు జారుతుంటే మాత్రం, "అక్కా, కింద వెడల్పు చెయ్యి, పైన కాదు" అని, పక్కనే దిగి చేసి చూపించింది. కుంబా గట్లలో ఉన్న మర్మం అంతే. అడిగి ఉంటే ఏనాడో చెప్పేది.

తరవాత ఓడలవాళ్ళ మనుషులు ఇంకెన్నోసార్లు కానుకలతో వచ్చారు. సీరా చుట్టుపక్కల ఊరూరా తిరిగి తన కథ తనే చెప్పింది. ఆ పాయల్లో దారి చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

అందుకే పిల్లలూ, పక్కింటి దీపం ఆరితే మనింట వెలుగు పెరగదు, దొంగకి చీకటి మాత్రం రెట్టింపవుతుంది.