మద్దిచెట్టుకు చెప్పే పేరు

అడవి అంచున ఉండే బయ్యన్న కోటకు మందుచెక్క, అంటే మందుకు వాడే చెట్ల బెరడు, కొట్టి ఇస్తుంటాడు. పోయినేడు ముసురులో దివాను నరహరి పంతులు వచ్చి, రాజమాత గుండెదడకు తెల్లమద్ది చెక్క కావాలన్నాడు.

"వానల్లో చెక్క నీరెక్కి చప్పబడిపోతుంది దొరా. వేసవిలో కొట్టి ఎండబెట్టింది ఇస్తాను" అని బయ్యన్న మొత్తుకున్నాడు.

"రాజమాతకు పాతదా? పచ్చిదే కొట్టు!" అన్నాడు దివాను. ఆ కషాయంతో రాజమాత గుండెదడ తగ్గలేదు, కొరడా దెబ్బలకు బయ్యన్న వీపు మాత్రం చిట్లింది.

ఈ ఏడూ ముసురులోనే పల్లకీ వచ్చి దిగింది. దివానుది మళ్ళీ అదే మాట. బయ్యన్నకు వాదించే ఓపిక లేదు. గొడ్డలి తీసుకుని చెట్టు దగ్గరికి నడిచాడు.

"కొడతాను దొరా. గాటు పెట్టేముందు, ఎవరు కొట్టమన్నారో చెట్టుకు పేరు చెప్పడం మా ఆచారం. మందు పనిచేయకపోతే తప్పు ఆ పేరుగల వాళ్ళదే. పోయినేడు పొరపాటున నా పేరు చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరి పేరు చెప్పను? మహారాజుదా, తమదా?"

బోయీలంతా దివాను వైపు చూశారు. రాజు పేరంటే తల పోతుంది, తన పేరంటే వీపు పోతుంది. దివాను గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఎండుచెక్కే మూట కట్టు."

మూట అందుకుంటూ ఒక బోయీ మెల్లగా అడిగాడు: "తాతా, ఈ ఆచారం ఎప్పటినుంచి?"

"ఇవాళ్టినుంచే నాయనా" అంటూ బయ్యన్న నడుం పట్టుకుని కూలబడ్డాడు. "పోయినేడే తోచి ఉంటే వీపు మిగిలేది."