పేరంటాలి ఇంజన్లు, మరిది తెచ్చిన మందు

అనగనగా గోదారి లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరంటాలనే ఆవిడకి ఓ ఆకుతోట ఉండేది. మనం వేసుకునే తమలపాకుల తోటే, అమ్మడూ. మొగుడు పోయాక అంతా ఆవిడే చూసుకునేది. ఎవర్నీ ఓ పట్టాన నమ్మేది కాదు. పాలు కొన్నా వేలు ముంచి చూసేది.

తోటకి నీళ్ళు పెట్టడానికి ఓ పెద్ద ఇంజను, ఓ చిన్న ఇంజను ఉండేవి. పురుగుమందు కొట్టే స్ప్రేయరు ఇంకోటి. మూడూ పెట్రోలువే. వానలు పడితే వాటితో పనుండదు, పాకలో పెట్టేసేది.

అప్పుడు, ఓ ఏడు వానల ముందు, మరిది గవర్రాజు ఓ సీసా తెచ్చాడు.

"వదినా, ఊరికే పడున్న ఇంజన్లో పెట్రోలు చెడిపోద్ది. కొత్త పెట్రోలులో ఈ మందు కలిపి, కాసేపు ఆడించి పెట్టు."

"చెడిపోడానికి పెట్రోలేమన్నా పెరుగా?" అంది పేరంటాలు.

సీసా అయితే పుచ్చుకుంది. కానీ మనసులో ఒకటే పీకుడు. వీడికి నా ఇంజన్లతో ఏం పని? అవి పాడైతే తోట తనకే కౌలుకిస్తానని చూస్తున్నాడేమో.

అందుకని పెద్ద ఇంజన్లో మందు వెయ్యనేలేదు, ఉన్న పెట్రోలుతో అలాగే వదిలేసింది. పోతే చిన్నదే పోతుందిలే అని, దానికి మాత్రం మరిది చెప్పినట్టే చేసింది. మిగిలిన మందు స్ప్రేయర్లో, పోయినేటి పెట్రోలు మీదే పోసేసింది.

ఆ తర్వాత వానలు వెళ్ళిపోయాయి. ఎండలు కాశాయి. ఆకు వాడుమొహం పట్టింది.

పేరంటాలు పెద్ద ఇంజను తాడు లాగింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. స్ప్రేయరు లాగింది. అదీ అంతే. అప్పుడు చిన్నదాని తాడు లాగితే, ఒకసారి దగ్గి, డుబడుబమని అందుకుంది. నీళ్ళు బోదె కాలవలోకి పారాయి.

అయినా అనుమానం తీరలేదు. గవర్రాజుని పిలిపించింది.

"నీ మందు ఒకదాంట్లో పనిచేసింది, ఒకదాంట్లో చెయ్యలేదు. ఏం కలిపావయ్యా దాంట్లో?"

గవర్రాజు స్ప్రేయరు విప్పాడు. లోపలంతా జిగురు పట్టేసి ఉంది.

"పాత పెట్రోలులో పోశావా వదినా?"

ఆవిడ తలూపింది.

"ఇది చెడకుండా ఆపుద్దంతే. చెడిపోయిందాన్ని బాగుచెయ్యదు. పెట్రోలంతా వంపేసి పెట్టుకున్నా సరిపోయేది."

రెండింటినీ శుభ్రం చేసేసరికి పొద్దు వాలింది.

"ఇంతకీ నామీద ఎందుకయ్యా నీకీ శ్రద్ధ?" అంది పేరంటాలు.

"పోయినేడు తాడు లాగి లాగి నీ అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నయ్యుంటే నిన్ను లాగనిచ్చేవాడు కాదుగా," అన్నాడతను, తలెత్తకుండా.

పేరంటాలు లోపలికెళ్ళి కంచం పెట్టింది.

"వచ్చే ఏడు ఇంకో సీసా తే. కలిపేది మాత్రం నా కళ్ళెదురుగానే," అంటూ అన్నం వడ్డించింది.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కంటిరెప్ప తట్టింది.